జల్లెడ కన్ను

రాత్రి పదకొండున్నర.
మురకంబట్టు గుజ్జు ఫ్యాక్టరీలో ఇంకా మోటార్లు తిరుగుతుండాయి.
తోతాపురి కాలం. వీధంతా పులిసిన తొక్కల వాసన.
నా షార్ట్‌వేవ్ రేడియోలో ఆ మోటార్లన్నీ కలిసి
రేకుల కప్పు మీద వానలా మోగుతాయి.

ముప్పైఒక్క ఏండ్లు తంతి ఆఫీసులో చెవితో బతికినదాన్ని.
చావు కబుర్లు, కాన్పు కబుర్లు, వెంటనే బయల్దేరమనే కబుర్లు
చుక్కా గీతా చుక్కా గీతా వేళ్ళమీదుగా దాటించినదాన్ని.
ఆఫీసుకు తాళం పడింది.
చెవికి మాత్రం రిటైర్మెంటు రాలేదు.

ఈ రేడియో చెంగల్రాయుడు కట్టిచ్చినాడు.
పగలు వాడి పని ఫ్యాక్టరీలో జల్లెడలు మార్చడం.
పీచూ, టెంకముక్కా, తోలూ ఆపే స్టీలు జల్లెడలు.
వేలితో తడిమి కన్ను ఎంతో చెప్తాడు.

"ఏమీ తెలవడంలేదురా, శబ్దం పెంచితే హోరూ పెరగతా ఉంది"
అంటే నవ్వినాడు.
"గుజ్జులో పీచొస్తే ఇంకో గంప కాయలు పోస్తామా అక్కా?
జల్లెడ మారుస్తాం."

అరవై క్రిస్టళ్ళు తెచ్చి, ఒక్కొక్కదాన్నీ కొలిచి
ఒకే ఊపున్నవి ఆరు ఏరి, వరసగా అతికించినాడు.
రెండువేల నాలుగువందల హెర్ట్జ్ తలుపు
ఐదువందలకు మూసుకుంది.

ఇందులో మంత్రమేం లేదు.
హోరు నీవా నదిలో ఇసుకలాంటిది, గట్టు నుంచి గట్టుకు పరుచుకుని ఉంటుంది,
తలుపెంత వెడల్పో అంతా లోపలికొస్తుంది.
మోర్స్ పిలుపుది దారమంత ఒళ్ళు.
తలుపు సగం మూసినా దానికేం తక్కువ కాదు.
నా రేడియోకు చెవి పెరగలేదు,
చెవిలో పడే పరాయిది తగ్గింది.
దీనికి చెంగల్రాయుడు చూపించిన పుస్తకంలో పేరు సున్నితత్వం.

ఆ రాత్రే ఎవరో ఓడమీది మనిషి
తన ఊళ్ళో వాన పడిందా అని ఇంకెవర్నో అడగడం విన్నాను.

ఆశ ఆగుతుందా?
ఇంకా సన్నం చెయ్యమంటిని. రెండువందల యాభై. తరవాత నూరు.
చుక్కలు గంట మోతలా సాగి ఒకదానిమీదొకటి పడినాయి,
పద్దెనిమిదేండ్ల పిల్ల మొదటి రోజు కొట్టినట్టు.
అయినా ఆ నిశ్శబ్దం!
కొత్త దుప్పటిలో దూరినట్టు దాంట్లో దూరి కూర్చున్నాను.

పందొమ్మిది రాత్రులు పిలిచినాను.
ఎవరూ పలకలేదు.
డైరీలో తేదీ, టైము, పక్కన ఒక గీత.

ఇరవయ్యో రాత్రి కరెంటు పోయింది.
ఫ్యాక్టరీ ఆగింది. కట్టమంచి దాకా ఊరు ఆగింది.
బ్యాటరీ మీద రేడియో ఒక్కటే.
చీకట్లో తడుముతూ ఏ స్విచ్చి తిప్పినానో
వెడల్పు తలుపు తెరుచుకుంది.
హోరు మీద పడుతుందని తల వంచినాను.
పడలేదు.
కాస్త పక్కన, నా స్వరానికి మూడువందల హెర్ట్జ్ పైన,
సన్నగా, జారిపోతూ, ఎవరో
నా పిలుపుగుర్తే కొడుతున్నారు.

పాత సెట్టు, నీరసం బ్యాటరీ, స్వరం ఒకచోట నిలవదు, మన్నించాలి.
మీరు పిలిచిన ప్రతి రాత్రీ పలికినాను.
మీకే వినిపించలేదేమో అనుకున్నాను.

పొద్దున చెప్తే చెంగల్రాయుడు టీ గ్లాసు కిందపెట్టినాడు.
"మరీ సన్న కన్నైతే గుజ్జు కూడా దిగదక్కా,
పైనే ఉండి పులుస్తుంది."

డైరీ తీసినాను. పందొమ్మిది గీతలు.
తంతి ఆఫీసు మనిషిని,
గీత అంటే ఖాళీ కాదని నాకు తెలవాల్సింది.

ఇప్పుడు ముందు వెడల్పుగానే తెరుస్తాను.
మోటార్లూ, మెరుపులూ, పక్కింటి ఇన్వర్టరూ
అన్నీ రానిస్తాను ఓ నిమిషం.
తరవాత మెల్లగా మూసుకుంటూ పోతాను.
ఎక్కడ ఆపాలో చెవి చెప్తుంది.
కొన్ని రాత్రులు చెప్పదు.